రాజక్క లైటు ఇవ్వని రోజు

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, తెల్ల లాల్చీ వేసుకున్న మనిషి ఒకడు నవ్వుతూ ప్రత్యక్షమవుతున్నాడు. "మీ మనసు చెప్పే మాట వినండి, జీవితం మారిపోతుంది" అంటాడు. మారుతుంది, నేను కాదనను. ఎటువైపు మారుతుందో మాత్రం ఆయన చెప్పడు. మా రాజక్కను తీసుకుపోయి ఒక్క పూట ఆయన ఎదురుగా కూర్చోబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది. అప్పుడు ఆ నవ్వు ఎంతసేపు నిలుస్తుందో చూద్దును.

రాజక్క అసలు పేరు రాజకుమారి. సెంటినరీ కాలనీలో మా వెనక వరుస క్వార్టర్లో ఉంటుంది. ఆమెదీ మాదీ ఒకే పెరటి గోడ. నేను చెబుతున్నదంతా ఆ గోడకు ఆనుకుని ఆమె చెప్పిందే.

ఆమె పని బాయి మీద ల్యాంపు రూములో. బొగ్గుబావిని ఇక్కడ బాయి అంటాం. లోపలికి దిగే ప్రతి మనిషీ ముందుగా ఆమె కిటికీ దగ్గరికి రావాలి. తన నంబరున్న బిళ్ళ ఆమెకిస్తే, అదే నంబరున్న టోపీ లైటును ఛార్జింగు నుంచి తీసి చేతికిస్తుంది. ఆ లైటు లేకుండా మేనేజరైనా సరే లోపల అడుగు పెట్టడానికి లేదు. షిఫ్టు అయిపోయాక ఎవరి లైటు వారు తెచ్చి అదే కిటికీలో అప్పగించి బిళ్ళ తీసుకుపోతారు. అన్ని లైట్లూ వచ్చి వరుసలో కూర్చుంటే అందరూ పైకి వచ్చినట్టు.

ఈ ఉద్యోగం ఆమె కోరుకున్నది కాదు. భర్త కిషన్ పోతే వచ్చింది. బాయిలో పైకప్పు బండ కూలి పోయాడు. ఆ పొద్దున అతను బూట్లు వేసుకుని బయలుదేరుతుంటే వంటింట్లో ఉన్న రాజక్కకు ఉన్నట్టుండి 'ఇయ్యాల వద్దు' అనిపించింది. ఎందుకు వద్దో తెలియదు. చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని తలుపు దాకా ఉరికింది. అప్పటికే అతను గేటు దాటాడు. డ్యూటీకి పోయే మనిషిని వెనక నుంచి పిలిస్తే కీడు అని మా దగ్గర పట్టింపు. కీడు జరగొద్దనే ఆమె నోరు మూసుకుంది. ఆ తర్వాత జరిగింది మీకు చెప్పాను కదా.

అందుకని ల్యాంపు రూములో చేరిన కొత్తలో రాజక్కకు కిటికీ ముందుకు వచ్చిన ప్రతి మొహంలోనూ ఏదో ఒకటి కనిపించేది. లైటు ఇచ్చిన ప్రతివాడికీ జాగ్రత్త అనడానికి మా మాటలో "పైలం అన్నా", "పైలం కాకా" అని చెప్పేది. మొదట్లో పాపమనుకున్నారు. తర్వాత తర్వాత "పైలమక్క ఉన్నదా ఇయ్యాల డ్యూటీల?" అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ఫలానా బావ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఫలానా తమ్ముడు సరిగా మాట్లాడలేదు అని తలుచుకుంటూ తినకుండానే లేచేది.

ల్యాంపు రూములో లైట్లకు ఛార్జింగు పెట్టే సర్వర్ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ, బాయి మీద తెలుగు. రాజక్క అతన్ని కాక అని పిలుస్తుంది. ఒకరోజు ఆయనే ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"బేటీ, నీకు అందరి మీద ఫికరున్నది. ఫికర్ వేరు, దిల్ చెప్పేది వేరు. ఫికర్ పొద్దంత లొల్లి వెడ్తది. దిల్ ఒక్కసారే చెప్తది, మల్ల చెప్పది. ఏది ఏందో ముందుగాల చిన్నచిన్న పనులల్ల చూసుకో."

ఫికర్ అంటే బెంగ, దిల్ అంటే మనసు. రాజక్క ఆ మాట పట్టుకుంది. పక్కనున్న ఖని టౌను మార్కెట్లో మెరిసిపోతున్న చేపలను చూసి కూడా ఎందుకో చెయ్యి రాలేదని ఒట్టి సంచితో తిరిగొచ్చింది. అవే చేపలు మేము కొన్నాం. ఆ రాత్రి మా ఇంటి సంగతి నేను చెప్పను, మీరు అడగొద్దు. ఇంకోసారి డ్యూటీకి బస్సెక్కి కూడా దిగి వెనక్కి వచ్చింది. వచ్చి చూస్తే పొయ్యి ఆర్పే ఉంది కానీ గ్యాసు పైపు పగిలి ఇల్లంతా వాసన. పెద్దపల్లిలో హాస్టల్లో ఉండి చదివే కూతురు ఫోనులో "బాగనే ఉన్నమ్మా" అంటే, ఆ బాగులో ఏదో తక్కువైందని బస్సెక్కి పోయింది. పిల్ల జ్వరంతో ముసుగు తన్ని పడుకుని ఉంది.

తప్పిన రోజులూ లేకపోలేదు. నల్లా రాదని ఇంట్లో ఉన్న బిందెలూ గిన్నెలూ అన్నీ నింపి పెట్టుకున్న రోజున నల్లా పొద్దంతా పొంగిపొర్లింది. మేము బాగా ఏడిపించాం. అయినా మెల్లమెల్లగా ఆమెకు తన లోపలి మాట మీద ఒక గురి కుదిరింది. అందరికీ పైలం చెప్పడం మానేసింది. అన్నం తినడం మొదలుపెట్టింది. కాస్త ఒళ్ళు కూడా చేసింది.

ఇక జైపాల్ సంగతి. జైపాల్, కిషన్ ఒకే జట్టులో పని చేసేవారు. బండ కూలిన రోజు కిషన్‌ను బయటికి తీసిన వాళ్ళలో అతనొకడు. ఇంటికి వచ్చి ఆ కబురు చెప్పిందీ అతనే. చెప్పి, గడపలో కూలబడి రాజక్క కంటే ఎక్కువ ఏడ్చాడు. అప్పటి నుంచి ఆమెకు సొంత మరిది కంటే ఎక్కువ. అతని భార్య శోభ ఆమెకు చెల్లెలితో సమానం. రోజూ కిటికీ దగ్గరికి రాగానే "నా సూర్యున్నియ్యి వదినె" అని కేకేసేవాడు. లోపలి చీకట్లో ఆ లైటే తన సూర్యుడట. వెనక నిలబడ్డవాళ్ళు ఆ మాట రోజూ వినేవాళ్ళు, రోజూ నవ్వేవాళ్ళు.

ఆ సోమవారం జైపాల్‌కు షిఫ్టు మారింది. అంతకు ముందు వారమంతా రాత్రి పని, ఆ రోజు నుంచి పొద్దుటి పని. కిటికీ ముందుకు వచ్చాడు కానీ సూర్యుడి మాట లేదు. బిళ్ళను చెక్క మీద పెట్టబోతే జారి కింద పడింది. వంగి తీశాడు. మళ్ళీ జారింది.

"షిఫ్టు మారింది గద, ఇంక నిద్ర మబ్బు వోలే" అన్నారెవరో వెనక నుంచి.

జైపాల్ నవ్వాడు. కిటికీ జాలీ అవతల ఆ నవ్వు చూసిన రాజక్క లైటు తీయబోయి ఆగింది. ఈ మనిషికి ఏదో అవుతుంది అనిపించింది. లొల్లి లేదు, వాదన లేదు. ఒక్కసారే అనిపించి ఊరుకుంది. కాక చెప్పినది ఇదేనని ఆమెకు ఎంత మాత్రం అనుమానం రాలేదు.

మనసు చెప్పింది అంతే. కానీ అంతటితో ఊరుకుంటే మనం మనుషులం ఎందుకవుతాం? ఏమవుతుందో కూడా తెలియాలి కదా. రాజక్కకు తెలిసిన కథ ఒక్కటే. పైకప్పు, బండ, దుమ్ము, గడపలో కూలబడ్డ మనిషి. ఆ కథ తనంతట తానే వచ్చి జైపాల్ పేరుకు అతుక్కుంది. ఇంక ఆమె కళ్ళ ముందు జైపాల్ లేడు, అతని మీద పడబోయే బండ ఉంది.

"నీ లైటు ఛార్జింగ్ ఎక్కలే జైపాల్" అంది.

"ఇంకోటియ్యి మరి."

"స్పేరు లైట్లన్ని రిపేరుకు వోయినయ్."

ఆమె వెనకాలే స్పేరు లైట్లు వరుసగా తగిలించి ఉన్నాయి. జైపాల్ కాసేపు జాలీ పట్టుకుని నిలబడ్డాడు. మామూలుగా అయితే లొల్లి చేసేవాడే. మస్టర్లో హాజరు పోతుందని జట్టు పెద్ద సర్దార్‌ను పిలిచేవాడు. ఆ రోజు మెల్లగా అన్నాడు.

"మంచిదే అయ్యింది వదినె. పొద్దుగాల్నుంచి తల గిర్రుమంటున్నది. గీ చెయ్యి గూడ మొద్దువారినట్టున్నది. ఇంటికివోయి పండుకుంట."

"పో, మంచిగ పండుకో" అంది రాజక్క.

ఎంత సంతోషంగా అన్నానో అని ఆమె ఈ ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా తల గోడకు కొట్టుకుంటుంది. నేను చెయ్యి అడ్డం పెడతాను. తల తిరుగుతోందని, చెయ్యి మొద్దుబారిందని ఆ మనిషి తన నోటితోనే చెప్పాడు. ఆమె చెవులకు అది వినపడింది, కానీ లోపలికి పోలేదు. బండ తప్పించాననే సంతోషంలో ఉంది. ఆ పొద్దున లోపలికి దిగిన జట్టంతా సాయంత్రం క్షేమంగా పైకి వచ్చింది. బండ పడలేదు, బొగ్గు రాలలేదు. అయినా ఆమెకు అనుమానం రాలేదు. జైపాల్ లేడు కాబట్టే పడలేదేమో అనుకుంది.

జైపాల్ బండి మీద ఎట్లా ఇల్లు చేరాడో ఎవరికీ తెలియదు. చేరాడు, పడుకున్నాడు.

ఇక్కడ మా కాలనీల సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర దేవుడి నిద్ర పాడైనా ఫరవాలేదు, డ్యూటీ మనిషి నిద్ర పాడు కావొద్దు. మగవాడు పడుకున్నాడంటే టీవీ బందు. పిల్లలు పక్క వీధికి పోయి ఆడుకోవాలి. కూరగాయల బండివాడికి దూరం నుంచే చేత్తో సైగ చేస్తాం. చుట్టాలు వస్తే అరుగు మీదే కూర్చోబెట్టి గుసగుసలతో మర్యాదలు చేస్తాం. నిద్ర లేని మనిషి లోపల పొరపాటు చేస్తే అది అతనొక్కడితో పోదు కదా. పెళ్ళయి కాపురానికి వచ్చిన పిల్లకు మా అత్తలు ముందు నేర్పేది వంట కాదు, చప్పుడు కాకుండా తలుపు వేయడం.

శోభ కూడా అట్లాగే తలుపు వేసింది. సాయంత్రం చాయ్ తీసుకుపోయి లేపితే జైపాల్ లేవలేదు. కళ్ళు తెరిచాడు, నోరు పక్కకు పోయింది, కుడివైపు చెయ్యీ కాలూ లేవలేదు. మాట రాలేదు. కాలనీ దవాఖాన నుంచి కరీంనగర్ తీసుకుపోయారు. బండిలో రాజక్క కూడా పోయింది.

పక్షవాతం అన్నాడు డాక్టరు. "ఎప్పుడు మొదలైంది? పొద్దున్నే తెస్తే సూది వేసేవాళ్ళం" అన్నాడు.

"పండుకున్నప్పుడు మంచిగనే ఉండె సార్" అంది శోభ.

"నిద్రలో వస్తే ఎవరేం చేస్తారు లెండి" అని డాక్టరు లోపలికి పోయాడు.

పొద్దుటే మొదలైందని తెలిసిన మనిషి అక్కడ గోడ పక్కన నిలబడి ఉంది. చెబుదామని నోరు తెరిచింది. చెప్పినా సూది వేసే సమయం తిరిగి రాదు. మూసుకుంది.

జైపాల్ బతికి ఇల్లు చేరాడు. సగం మనిషి చేరాడు. శోభ మాత్రం వచ్చిన ప్రతివారికీ ఒకటే చెప్పింది. "రాజక్క ఆ పొద్దు లైటియ్యకపోవట్టే పానమన్న దక్కింది. లోపట చీకట్ల పడితే ఏంగావాలె? ఆమెకు ముందుగాల్నే ఎరుకైంది. ఆమె మనిషి గాదు, దేవత."

ఆ మాట కాలనీ అంతా తిరిగి బాయి మీదికి చేరింది. ఒకప్పుడు పైలమక్క అని నవ్వినవాళ్ళే ఇప్పుడు బిళ్ళ పెట్టి, లైటు అందుకునే ముందు ఆమె మొహంలోకి చూడడం మొదలుపెట్టారు. "అక్కా, ఇయ్యాల దిగాల్నా వద్దా?" అని చెవిలో అడిగేవాళ్ళు కొందరు. ఆమె తుమ్మితే ఒకడు నాగా పెట్టి ఇంటికి పోయాడు. ఒకామె ఇద్దరు పెళ్ళికొడుకుల ఫోటోలు పట్టుకుని ఇంటికే వచ్చింది, ఎవరిని చూస్తే ఏమనిపిస్తుందో చెప్పమని. రాజక్క ఆ ఫోటోల వంక చూడకుండా చాయ్ ఇచ్చి పంపింది.

మా జనం సంగతి తెలిసిందే. చెప్తే వినరు, చెప్పకపోతే మొక్కుతారు. నేనే వెళ్ళి నలుగురికి అసలు సంగతి చెబుదామా అంటే అప్పటికి నాకూ తెలియదు. నేను కూడా నా మోకాలి ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఆమెను అడిగినదాన్నే.

రాజక్క మొహాలు చూడడం మానేసింది. తల వంచుకుని బిళ్ళ మీది నంబరు చూస్తుంది, లైటు తీస్తుంది, ఇస్తుంది. లోపల ఏదైనా అనిపించబోతే గట్టిగా దగ్గుతుంది. మళ్ళీ అన్నం ముందు నుంచి లేచిపోవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎవరూ లేనప్పుడు సర్వర్ కాక వచ్చి పక్కన కూర్చున్నాడు.

"జైపాల్ లైటు ఆ పొద్దు ఫుల్లుగుండె బేటీ. ఛార్జింగ్ నేనే చూసిన."

"ఎరుకే కాకా. అబద్ధం చెప్పిన. కానీ నా దిల్ చెప్పింది నిజమే గద? నువ్వే గద దిల్ మాట వినుమన్నవ్?"

"దిల్ ఏం చెప్పింది?"

"జైపాల్‌కు ఏమో అయితదని."

"మరి జైపాల్‌ను అడిగినవా?"

రాజక్క అడగలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చి, అతని ఎదురుగా నిలబడి, 'నాకేందో మంచిగనిపిస్తలేదు, నీ ఒంట్లో ఎట్లున్నది' అని ఒక్క మాట అడిగి ఉంటే అతను చెయ్యి చూపించేవాడు. నవ్వితే నవ్వనీ. కానీ పదిమంది ముందు 'నాకట్లనిపిస్తున్నది' అనడానికి సిగ్గుపడింది. అబద్ధమాడడానికి సిగ్గుపడలేదు. లోపలి మాటను నమ్మింది కానీ పైకి అనగలిగేంత నమ్మలేదు.

"పోయి శోభకు చెప్పు. లేకుంటే నువ్వు బీమారైతవ్, మంచానవడ్తవ్" అన్నాడు కాక.

శోభకు చెబితే ఏమవుతుందో రాజక్కకు తెలుసు. దేవత అన్న నోటితోనే నా మొగున్ని ఇట్ల చేసినవని అంటుంది. ఆ ఇంటి గడప ఇంక తొక్కనివ్వదు. కిషన్ పోయాక తనకంటూ మిగిలిన ఇల్లు అదొక్కటే. మూడుసార్లు వీధి చివరి దాకా పోయి వెనక్కి వచ్చింది. నాలుగోసారి ధైర్యం వచ్చి కాదు, ఇంట్లో కూర్చోలేక పోయింది.

శోభ వంటింట్లో జైపాల్ కోసం అన్నం మెత్తగా పిసుకుతోంది. ముందు గదిలో మంచం మీద జైపాల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేతిలో వ్యాయామం కోసం ఇచ్చిన రబ్బరు బంతి. రాజక్క వంటింటి గుమ్మంలో కింద కూర్చుని, గొంతు తగ్గించి, మొదటి నుంచీ అంతా చెప్పింది. లైటు బాగానే ఉన్న సంగతీ, బిళ్ళ జారిన సంగతీ, తల గిర్రుమంటోందని అతను చెప్పిన సంగతీ, పండుకొమ్మని తానే పంపిన సంగతీ.

శోభ పిసకడం ఆపలేదు. అన్నం గంజిలా అయినా ఇంకా పిసుకుతూనే ఉంది.

"తిట్టు శోభా. ఊకోకు" అంది రాజక్క.

"ఇంటికచ్చినప్పుడె మూతి జరంత పక్కకు వోయి ఉండె అక్కా" అంది శోభ.

రాజక్కకు మొదట అర్థం కాలేదు.

"చూసిన. దవాఖానకు పోదమా అని నోటిదాక వచ్చింది. 'పండుకుంట, లేపకు' అన్నడు. పండుకున్నడు. తలుపుకాడ ఎంతసేపు నిలవడ్డనో. గురక వినవడ్డది. గురక వెడ్తున్నడు గద, మంచిగనే ఉన్నడనుకున్న. లోపలికి వోయి లేపాలె లేపాలె అనిపిచ్చింది. లేపలే." చేతికంటిన మెతుకులు చూసుకుంది. "కుక్కర్ గూడ పెట్టలే అక్కా. విజిల్‌కు లేస్తడని."

"మరి డాక్టరుతోని..."

"ఏమని చెప్పాలె? నువ్వు దేవతవని ఊరంత ఎందుకు చెప్పిననుకున్నవ్? నీ ముచ్చట చెప్పినంతసేపు నన్నెవ్వరడగరు, ఇంట్ల ఉండి నువ్వేంజేసినవని."

రాజక్కకు ఒక్కసారిగా కోపం వచ్చింది. అంత కోపం కిషన్ పోయిన రోజు కూడా రాలేదట. కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది తనలాంటిదే. ఇద్దరూ ఆ గిన్నెకు అటూ ఇటూ కూర్చుని ఏడ్చారు, చప్పుడు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని.

అంతలో కాలనీ పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలింది. తలుపులూ గిన్నెలూ గలగలమన్నాయి. ముందు గదిలోంచి మూలుగు లాంటిది వినిపిస్తే ఇద్దరూ లేచి ఉరికారు.

జైపాల్ కళ్ళు తెరిచి ఉన్నాడు. ఇప్పుడే లేచిన కళ్ళు కావు అవి. వంటింటి గుమ్మానికీ మంచానికీ మధ్య దూరం ఎంతో, గోడ ఎంత పలచనో రాజక్క అప్పుడే చూసింది. శోభ మంచం మీదికి వంగింది.

"విన్నవా?" అంది.

జైపాల్ ఆమెను చూశాడు, తర్వాత రాజక్కను చూశాడు. నోరు కదిలింది. ఏదో చప్పుడు వచ్చింది, మాట కాలేదు. ఎడమ చెయ్యి పైకి లేచి దుప్పటి మీద పడింది.

"నీళ్ళా?" అంది శోభ. మళ్ళీ అదే చప్పుడు. "ఫ్యాన్ ఎయ్యాల్నా? పక్కకు ఒరుగుతవా? నా మీద కోపమొచ్చిందా?"

ప్రతిదానికీ అదే చప్పుడు. ఊరుకోమంటున్నాడో, శాపనార్థాలు పెడుతున్నాడో, దాహమేస్తోందో తెలియడం లేదు. చెప్పలేక అతని కంట్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి ఇంకోసారి లేచి పడింది.

శోభ తల తిప్పి రాజక్క మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పక్కా. ఏమంటున్నడు?"

రాజక్క మంచం కోడు పట్టుకుని కళ్ళు మూసుకుంది. లోపలి నుంచి ఒక్క మాటైనా వస్తుందేమోనని చాలాసేపు చూసింది.

"నాకెరుక లేదు శోభా" అంది.